అమ్మ ఒడికి బెల్టు లేదు

"అమ్మ ఒడిని మించిన రక్ష ఏముంటుంది?" అన్నమాట మనలో సామెతతో సమానమైపోయింది. కారు ప్రయాణం మట్టుకు అది శుద్ధ అబద్ధం. లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినో ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, 10 కిలోల పసివాణ్ణి పట్టి ఆపడానికి దాదాపు 140 కిలోల బరువును ఎత్తేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకుంది ఆ బలం? ఆమె బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డమీదనే పడుతుంది.

తెలియక చేస్తున్నారని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. అమెరికాలోని మనవాళ్ళు కాన్పుకు ముందే సీటు కొంటారు. పసికందును వెనుకకు తిరిగి ఉండే ఆ సీటులో కట్టి ఇంటికి తెచ్చుకుంటారు. వారిలోనే చాలామంది శంషాబాదులో విమానం దిగగానే అదే బిడ్డను ఒళ్ళో వేసుకుని కారెక్కుతారు. సముద్రం దాటినంత మాత్రాన ప్రేమా తరగలేదు, తెలివీ తరగలేదు. మారినవి చట్టం, అలవాటు, నలుగురి చూపు. అక్కడ 1978లో టెన్నెసీ మొదలుపెట్టగా 1985 నాటికి అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. ఇక్కడ సీటు కొన్నవారిని "పసిబిడ్డను కట్టేస్తారా?" అని పెద్దలే నిలదీస్తారు.

మనకూ చట్టముంది. 2019 సవరణతో వచ్చిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. ఆ "గాని"లోనే ఉంది లొసుగు. రెండేళ్ళ పాపకూ పదమూడేళ్ళ పిల్లవాడికీ ఒకటే మాట! పెద్దల కొలతకు చేసిన బెల్టు పసివారి మెడను, మెత్తని పొట్టను ఒరుసుకుంటూ పోతుంది.

ఖరీదెక్కువ అంటారా? అద్దెకారులో తిరిగే కుటుంబం ఆ మాటంటే న్యాయమే. వారికి సీటు సమకూర్చవలసిన బాధ్యత ట్యాక్సీ సంస్థలదీ, ప్రభుత్వానిదీ. లక్షలు పోసి కారు కొని, సన్‌రూఫుకు అదనంగా చెల్లించి, అందులోంచి పిల్లలను నిలబెట్టి ఊరు చూపించేవారి నోట ఆ మాట చెల్లదు.

"కూర్చోబెడితే ఏడుస్తాడండీ" అంటారు. టీకా వేయించినా ఏడుస్తాడు, మానేశామా?

బారసాలకు వెండి గిన్నెలు, మురుగులు పట్టుకెళ్ళే మనం, ఈసారి నలుగురం కలిసి ఒక సీటు ఇద్దాం. నలుగురి చూపే అలవాటును మార్చేదైతే, ఆ నలుగురమూ మనమే కదా. ఏమంటారు?