నీ ఆఫీసెక్కడే?

ఎం.బి.ఏ. పూర్తయి మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా అమ్మమ్మ "ఇంతకీ నీ ఆఫీసెక్కడే?" అని అడిగింది. నవ్వేశాను. ఇప్పుడా ప్రశ్నకి నవ్వు రావడం లేదు.

కన్సల్టెంటు పనంటే సోమవారం తెల్లవారుజామున విమానమెక్కి ఇంకో కంపెనీకి వెళ్ళడం. అక్కడి లెక్కలు చూసి ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చో, పని ఎక్కడ ఆగిపోతోందో చెప్పడం. రాత్రికి హోటలు, వారం చివర ఇల్లు. జీతం మా కంపెనీది, కూర్చునే కుర్చీ క్లయింటుది.

నా మొదటి ప్రాజెక్టులో నలుగురం. ఆడపిల్లని నేనొక్కదాన్నే. నాకు లెక్కలివ్వాల్సిన క్లయింటు అధికారి రాత్రి పదింటికి మెసేజీలు పెట్టేవాడు. మొదట రిపోర్టు గురించి, తర్వాత నా బట్టల గురించి. ఒకరోజు, కావలసిన లెక్కలు హోటల్లో నా గదికే తెచ్చిస్తానన్నాడు.

మా మేనేజరుకి చెప్పాను. "ఇంకా ఆరు వారాలే కదా, సర్దుకుపో. క్లయింటుని నొప్పిస్తే ఎలా?" అన్నాడు. హెచ్.ఆర్. వాళ్ళనడిగితే, అతను మన ఉద్యోగి కాదు కదా అన్నారు. చివరికి "నీ మంచికే" అంటూ నన్ను ప్రాజెక్టు నుంచి తీసేశారు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి ప్రాజెక్టులో వచ్చిన పేరుని బట్టే రెండోది దొరుకుతుంది. రెండు నెలలు పని లేకుండా బెంచి మీద కూర్చున్నాను. అతను మాత్రం తన కుర్చీలోనే ఉన్నాడు.

తెలియక ఊరుకున్నాను. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఉద్యోగరీత్యా వెళ్ళే ప్రతి చోటూ పనిస్థలమే. యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా. వేధించినవాడు వేరే సంస్థ మనిషైనా, ఆమె కోరితే అతనిపై చర్య మొదలయ్యేలా చూడడం యజమాని బాధ్యత. ఫిర్యాదు మూడు నెలల్లోగా రాసివ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఇవన్నీ నాకు తెలిసేసరికి ఏడాది దాటింది.

అసలీ చట్టానికి మూలం ఎక్కడుంది? రాజస్థాన్‌లోని భతేరీలో 1992లో ఒక బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు భన్వరీదేవిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో కార్యకర్త. ఆ ఘటన తర్వాతే విశాఖ కేసు, 1997లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు వచ్చాయి. భన్వరీదేవికి ఆఫీసు గది లేదు. ఊరే ఆమె పనిస్థలం. విమానమెక్కే నాకూ, బస్సు దిగి ఊళ్ళోకి నడిచే మీకూ జీతాల్లో ఎంతో తేడా ఉండొచ్చు. కానీ ఇద్దరం పరాయి చోట, పరాయివాళ్ళ మధ్య పని చేసేవాళ్ళమే.

అందుకే నేనడిగేది ఇది. కొత్తవాళ్ళకి మొదటి వారంలోనే ఈ చట్టం చెప్పాలి. క్లయింటుతో రాసుకునే ఒప్పందంలోనే వేధింపుల గురించి షరతు ఉండాలి. ఫిర్యాదు చేసినామెని ఆమె ఇష్టం లేకుండా పని నుంచి తప్పించకూడదు. ఇప్పుడే చేరుతున్న చెల్లెళ్ళకి ఒక మాట: మెసేజీలు చెరపకండి, తేదీలు రాసి పెట్టుకోండి.

అమ్మమ్మకి ఇప్పుడు జవాబు చెప్పగలను. నన్ను పనికి పంపిన ప్రతి చోటూ నా ఆఫీసే.