ఆన్‌లైన్ చదువు - ఎవరి మెప్పు?

మహమ్మారి కాలంలో సాగిన ఆన్‌లైన్ చదువును విశ్వవిద్యాలయ విద్యార్థులు మెచ్చుకున్నారని వాదించే మిత్రులున్నారు. ఈ వాదనను నేను అంగీకరించను. ముందుగా దాని సాక్ష్యాన్ని పరీక్షించాలి.

ప్రశ్నలు ఫోనులో పంపారు. జవాబులూ ఫోనులోనే రాబట్టారు. ఫోను లేని విద్యార్థి జవాబు చెప్పలేదు, కనుక లెక్కలోకి రాలేదు. పడవ ఎక్కగలిగినవారినే అడిగి ఏటికి వంతెన అక్కరలేదని తేల్చడం వంటిదిది.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9. పట్టణాల్లో ఇవి 23.4, 42. ఈ అంతరం మీదనే 2020 మార్చిలో కళాశాలలు మూతపడ్డాయి. ఆ తరువాత చదువు తెరకెక్కింది.

నేను తెలుగు బోధించేది బాన్సువాడలో. మా విద్యార్థులు బీర్కూరు, పిట్లం వైపు పల్లెలనుంచీ తండాలనుంచీ వస్తారు. ఆనాడు చాలా ఇళ్లలో ఒక్కటే ఫోను; అది తండ్రి జేబులో పొలానికి పోయేది. మిగిలిన వేళ అన్న పాఠం వింటే చెల్లెలు మానుకునేది. చెల్లెలి కోసం అన్న మానుకున్న ఇల్లు నాకు తెలియదు.

ఆన్‌లైన్ పాఠంలో మేలే లేదా? ఉంది. పగలు నాట్లకు పోయిన పిల్ల రాత్రి అదే పాఠాన్ని రెండుసార్లు వినగలిగింది. దీన్ని కాదనడం అభ్యుదయం కాదు. యంత్రంతో మనకు పగ లేదు. యంత్రాన్ని చూపి అధ్యాపకుణ్ణి తప్పించే విధానంతోనే మన పేచీ.

ఈ భయం ఊహాజనితం కాదు. 2020 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యావిధానం ఆన్‌లైన్ విద్యకు పెద్దపీట వేసింది. ఒక్కొక్క కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చునంటూ 2021 మేలో యూజీసీ ముసాయిదా పత్రం వెలువరించింది. విరిగిన కాలికి కట్టిన బద్దనే ఇక కాలు అనుకోమంటున్నారన్నమాట! పాఠంలో అంత భాగం తెరకు పోతే, అధ్యాపకుల ఖాళీలు నింపనక్కరలేదనే మాట రేపు రాదా?

విద్యార్థి కళాశాలకు వచ్చేది పాఠం కోసమే కాదు. గ్రంథాలయం, చర్చ, అన్ని కులాలవారూ ఒకే బల్ల మీద కూర్చోవడం, సంఘం పెట్టుకోవడం - ఇవీ చదువే. తెర ముందు విద్యార్థి ఒంటరి. ఒంటరివాడు ఫీజు రీయింబర్సుమెంటు బకాయిల కోసం ఊరేగింపు తీయలేడు. పాలకులకు ఈ సౌకర్యం తెలియనిది కాదు.

మనం కోరేది స్పష్టం. ప్రతి విద్యార్థికీ పరికరం, ఉచిత ఇంటర్నెట్ ఇవ్వాలి. ఖాళీలు నింపాలి. తెరను తరగతికి తోడుగా ఉంచాలి, బదులుగా కాదు. అప్పుడు అడగండి విద్యార్థి అభిప్రాయం. అంతవరకు, జవాబు చెప్పే వీలు లేనివారి మౌనాన్ని సమ్మతిగా లెక్కగడితే ఉపాధ్యాయులమూ విద్యార్థులమూ ఊరుకోరాదు.