కోర్సు పేరు చూసి అడ్వాన్సు కట్టకండి



ప్లస్ టూ రిజల్టు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఫోను ఆగలేదు. పాప నంబరు వాళ్ళకి ఎవరిచ్చారో తెలీదు. "బయోటెక్నాలజీలో ఒక్క సీటే ఉంది, రేపటి లోపల 25 వేలు కట్టండి" అని ఒకరు. "మైక్రోబయాలజీ చదివితే ఫారిన్‌లో ఉద్యోగం" అని ఇంకొకరు. మేమిద్దరం ఎస్సెల్సీతో చదువు ఆపేసినవాళ్ళం. ఆ పేర్లు పలకడమే కష్టం, ఇంక వాటిలో మంచీ చెడూ ఎట్లా తేల్చేది? ఈ గ్రూపులో ముగ్గురు నలుగురు ఇదే అడిగారు కాబట్టి, ఈసారి చాకీ గురించి కాకుండా దీని గురించి రాస్తున్నాం.

ముందు మా సంగతి చెప్తాం. పోయిన నవంబరు వానల్లో 150 లేయింగులు మేపినాం. నాలుగో జ్వరం లేచేదాకా పురుగు బంగారంలా ఉండింది. తర్వాత రెండు రోజులకే ఒళ్ళు ఉబ్బి, చర్మం మెరిసి, ఆకు తినకుండా స్టాండు అంచుల్లో తిరగడం మొదలుపెట్టినాయి. ముట్టుకుంటే పాలలాంటి నీళ్ళు. మీకు తెలిసిందే, పాలరోగం. 100 కిలోలు వస్తాయని లెక్కేసుకున్న గూళ్ళు 40 కిలోలు దాటలేదు. ఆకు కూలీ కూడా రాలేదు.

తప్పు మాదే. ముందు పంట దిగిన వెంటనే, ధర బాగుందని ఆశపడి, షెడ్డు సరిగా కడగకుండానే మళ్ళీ పురుగు దించినాం. అప్పుడు మా పాప చచ్చిన పురుగుల బుట్ట దగ్గర కూర్చొని, "నాయనా, పోయిన పంట రోగం ఇన్నాళ్ళు ఎక్కడ దాక్కోనుండింది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. తర్వాత చూడ్డానికి వచ్చిన టెక్నికల్ ఆయన చెప్పినాడు: అది వైరస్సు, నేలలో, తట్టల్లో, స్టాండు సందుల్లో ఉండిపోతుంది, 2 శాతం బ్లీచింగ్ పొడి, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్ళతో షెడ్డంతా తడిపి ఉండాల్సింది అని. ఆ రోజే పాప "మైక్రోబయాలజీ చదువుతా" అనింది. ఆ మాట బ్రోషరు చూసి వచ్చింది కాదు కాబట్టి మేము కొట్టిపారేయలేకపోయినాం.

తర్వాత విచారిస్తే తెలిసింది, ఆ చదువు మొదలైన చోట్లలో మన పట్టుపురుగు కూడా ఒకటని. 1835లో ఇటలీలో బాస్సి అని ఒకాయన, చదివింది లా, సున్నపుకట్టు రోగం కంటికి కనపడని ఒక బూజు వల్ల వస్తుందని నిరూపించినాడు. సూక్ష్మజీవి వల్ల జంతువుకి రోగం వస్తుందని మొదట తేల్చింది ఆ పురుగు మీదే. 1865లో ఫ్రాన్సులో పట్టు రైతులు పెబ్రిన్‌తో మునిగిపోతుంటే లూయీ పాశ్చర్‌ని పంపినారు. ఆయన రసాయన శాస్త్రం మనిషి, అంతకుముందు పట్టుపురుగు పని చేసినవాడే కాదు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకని నలిపి మైక్రోస్కోపులో చూసి, రోగం ఉంటే ఆ గుడ్లు పారేయమన్నాడు. ఈ రోజు మనం కొనే ప్రతి రోగంలేని గుడ్డు వెనకా అదే పరీక్ష ఉంది.

కాబట్టి ఈ చదువులు మనకి పరాయివి అనుకోవద్దు. మాకు అర్థమైన రీతిలో వాటిని చెప్తాం.

మైక్రోబయాలజీ అంటే రోగం ఎందుకొచ్చింది, ఎట్లా పాకింది, ఎట్లా ఆపాలి అని చూసేది. పాలు, తిండి సరుకు, మందుల కంపెనీల్లో కూడా ఈ పని ఉంది. ఒక్క మాట జాగ్రత్త: రక్త పరీక్ష ల్యాబులో పని కోసమైతే దానికి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ అని వేరే కోర్సు ఉంది. రెండూ ఒకటేనని చెప్పి చేర్పించేవాళ్ళు ఉన్నారు.

బయోటెక్నాలజీ అంటే జీవం లోపలి జీన్ల మీద పని. మా పంటని తిన్న ఆ పాలరోగం వైరస్సునే తట్టుకునే పట్టుపురుగుని, జీన్ మార్చి, హైదరాబాదు సీడీఎఫ్‌డీలో తయారుచేసినట్టు 2013లో పరిశోధన వచ్చింది. అయితే ఆ పురుగు ఇంకా మన షెడ్డులోకి రాలేదు. అంత నిదానమైన పని అది.

బయోసిస్టమ్స్ ఇంజినీరింగు అని విదేశాల్లో అనేది మన దగ్గర దాదాపుగా అగ్రికల్చరల్ ఇంజినీరింగు. చాకీలో 27, 28 డిగ్రీల వేడి, 85 శాతం పైన తేమ. పెద్ద పురుగుకి 24, 25 డిగ్రీలు, 70 శాతం చిల్లర తేమ. మనం గోనె పట్టాలు తడిపి చేసే పనిని మిషనుతో చేయించేది ఈ చదువు. మే నెలలో మన తిరువళ్ళూరు ఎండ ఎరిగినవాళ్ళకి దీని విలువ చెప్పనక్కరలేదు.

ఇంత మంచివైతే అడ్వాన్సు ఎందుకు కట్టలేదు అంటారా? కాలేజీకి పోయి చూసినాం కాబట్టి. బిల్డింగు బ్రహ్మాండం. ల్యాబు చూపించండి అంటే తాళంచెవి కోసం అరగంట వెతికినారు. లోపల మైక్రోస్కోపులకి ప్లాస్టిక్ కవర్లు ఊడదీయలేదు. పాప ఒక్క మాటా మాట్లాడకుండా బయటికొచ్చేసింది. మా బంధువుల పిల్లోడొకడు ఇట్లాంటి చోటే నాలుగేళ్ళు బయోటెక్నాలజీ చదివి, ఇప్పుడు చెన్నైలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ పని చిన్నదని అనడం లేదు. దానికోసం వాళ్ళ నాయన అరెకరం అమ్మాల్సిన పని లేదు అంటున్నాం.

అందుకే మా అభిప్రాయం ఇది. ఈ మూడు చదువుల్లో డిగ్రీ అంటే చాకీ లాంటిది. గూడు కట్టేది తర్వాత. మైక్రోబయాలజీలో, బయోటెక్నాలజీలో పరిశోధన ఉద్యోగం అంటే పీజీ అడుగుతారు. సెంట్రల్ సిల్క్ బోర్డులో సైంటిస్టు పోస్టుకీ అంతే. బీఎస్సీ మూడేళ్ళు, ఎమ్మెస్సీ రెండేళ్ళు, మొత్తం ఐదేళ్ళకి డబ్బు లెక్కేసుకొని దిగండి. ఉన్నదంతా మొదటి ఏడాది ఫీజుకే పోసేస్తే, నాలుగో జ్వరం దాటినాక ఆకు అయిపోయినట్టే.

రెండోది, సర్కారు దారి ముందు చూడండి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద మేట్టుపాళయం అటవీ కళాశాలలో బీఎస్సీ సెరికల్చర్ ఉంది, నాలుగేళ్ళు. కోయంబత్తూరులో బీటెక్ బయోటెక్నాలజీ. అగ్రికల్చరల్ ఇంజినీరింగు కోయంబత్తూరులో, తిరుచ్చి దగ్గర కుముళూరులో. మన జిల్లాలోనే కొడువళ్ళిలో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళ ఫుడ్, డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది. నాగలాపురం, పుత్తూరు మీదుగా పోతే తిరుపతి, అక్కడ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సెరికల్చర్ శాఖే ఉంది. 6 నుంచి ప్లస్ టూ దాకా సర్కారు బళ్ళో చదివిన పిల్లలకి ఇంజినీరింగు, వ్యవసాయం లాంటి కోర్సుల్లో 7.5 శాతం సీట్లు 2021 నుంచి కేటాయించినారు. ఆ సీటొస్తే ఫీజు, హాస్టలు ఖర్చు సర్కారే కడుతుంది. మన ఊళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. పదో తరగతి పిల్లలున్నవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: ప్లస్ వన్‌లో బయాలజీతో పాటు లెక్కలూ ఉన్న గ్రూపు తీసుకుంటే ఇంజినీరింగు దారి కూడా మూసుకుపోదు.

మూడోది మనకే చెప్పుకోవాల్సిన మాట. పిల్లల్ని ఎట్లాగైనా ఈ ఆకు, ఈ పెంట నుంచి తప్పించాలని మనం చదివిస్తున్నాం. పాపకి సెరికల్చర్ కోర్సు ఉందని చెప్తే మా ఇంట్లో ఆమె మొదట ఏడ్చేసింది. "ఇరవై ఏళ్ళు నేను పడింది చాలదా, దానికి డిగ్రీ కూడానా?" అనింది. ఆ ఏడుపు న్యాయమే. కానీ 2008లో బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరులో కనపడి, తర్వాత మల్బరీ తోటల్ని తెల్లగా చేసినప్పుడు, మందు కొడితే పురుగు చచ్చె, కొట్టకపోతే ఆకు పోయె. 2010లో ప్యూర్టోరికో నుంచి చిన్న పరాన్నజీవి కందిరీగల్ని బెంగళూరు సంస్థ తెప్పించి, పెంచి వదిలినాకే అది అణిగింది. చదువుకున్నవాళ్ళు మన తోట వైపు చూసినారు కాబట్టి తోట మిగిలింది. వాళ్ళు షెడ్డులో తట్టలు ఎత్తలేదు. మన పిల్లలూ ఎత్తనక్కరలేదు. కానీ షెడ్డు ఎరిగిన పిల్ల మైక్రోస్కోపు ముందు కూర్చుంటే, ఏ ప్రశ్న అడగాలో దానికి ఒకరు నేర్పాల్సిన పని లేదు.

మేము ఏం చేసినామంటే, వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అప్లికేషను పెట్టినాం, సెరికల్చరూ బయోటెక్నాలజీ రెండూ రాసి. రాకపోతే బీఎస్సీ మైక్రోబయాలజీ, అదీ ల్యాబు చూసిన తర్వాతే. వరస ఎట్లా రాయాలో పాపే రాసుకుంది, మేము వేలు పెట్టలేదు.

మీ పిల్లలు ఫారం నింపేముందు ఒక్కసారి గుడ్ల కేంద్రానికి తీసుకుపోయి, తల్లి చిలుక పరీక్ష చూపించమని అడగండి. వాళ్ళ ముఖం చూస్తే మీకే తెలిసిపోతుంది. మీ అనుభవాలు గ్రూపులో రాయండి, ముఖ్యంగా పిల్లలు ఈ చదువుల్లో ఉన్నవాళ్ళు. అడ్వాన్సు మాత్రం ల్యాబు తాళం తీయించినాకే.

ఇట్లు,
ఊత్తుకోట నుంచి ఒక పట్టు రైతు కుటుంబం