భాషాముచ్చట్లు: జర్మనులు జాతిని చెప్పే తీరు

పైచదువులకు జర్మనీ వెళ్ళే పిల్లలు మన యిళ్ళలోనూ బయలుదేరుతున్నారు. ఆ భాషలో వాళ్ళు మొదట తడబడే చోట్లలో ఒకటి దేశాల పేర్ల నుంచి పుట్టే విశేషణాలు. ఈ నెల ఆ సంగతి ముచ్చటిస్తాము.

మనం తెలుగు వంట, తెలుగు పిల్ల, తెలుగు పుస్తకం అంటాము. విశేషణం కదలదు. జర్మనులో అట్లా కాదు. దేశం పేరుకు సాధారణంగా 'ఇష్' చేర్చి 'ఇండిష్' వంటి విశేషణం చేస్తారు. తరువాత వచ్చే మాట లింగాన్ని బట్టి దాని చివర మారుతుంది. భారతీయ పురుషుడు 'ఐన్ ఇండిషర్ మాన్', స్త్రీ 'ఐనె ఇండిషె ఫ్రౌ', పుస్తకం నపుంసకం గనుక 'ఐన్ ఇండిషెస్ బూఖ్'. మనిషిని చెప్పడానికి మాట వేరు: మగవాడు 'ఇండర్', ఆడమనిషి 'ఇండరిన్'. 'ఇండియానర్' అంటే అమెరికా ఆదివాసి. నామవాచకాలన్నిటినీ పెద్ద అక్షరంతో మొదలుపెట్టే జర్మనులు 'ఇండిష్'ను మాత్రం చిన్న అక్షరంతోనే వ్రాస్తారు. ఇంగ్లీషు అలవాటు ఇక్కడ చెల్లదు.

ఊరి పేరైతే సులభం. 'అర్' చేర్చితే చాలు, ఇక మారదు, పెద్ద అక్షరం నిలుస్తుంది. కొల్న్ నగరపు పెద్ద చర్చి 'కొల్నర్ డోమ్'. మన బందరు లడ్డు లాంటిదే.

వింత ఏమంటే, జర్మనుకు తనను చెప్పుకోను 'ఇండర్' వంటి మాట లేదు. 'డోయ్చ్' అనే విశేషణాన్నే మనిషికి వాడి 'డోయ్చర్' అంటాడు, మనం మంచి నుంచి మంచివాడు అన్నట్టు. ఆ మాటకు మూలార్థం 'జనానిది'. అంటే లాటిను కాక జనం మాట్లాడే భాష. లాటిను వేషంలో అది 786 నాటికే కనబడుతుంది. జర్మనీ ఒక్క రాజ్యమయింది 1871లో. భాష పేరే ముందు, రాజ్యం తరువాత.

ఆస్ట్రియాలో వీయన్నా మనిషి తాను 'ఓస్టరైషర్' అంటాడు, ఇంట్లో మాట్లాడేది 'డోయ్చ్' అంటాడు. రెంటికీ తగవు లేదు.

హోసూరు, బళ్ళారి, బరంపురాల్లో మన పిల్లలను "మీరెవరు?" అని అడిగితే తటపటాయించ నక్కరలేదు. ఉన్న రాష్ట్రం పేరు, తెలుగు పేరు రెండూ చెప్పవచ్చు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడక ముందు నుంచీ మన పెద్దలు తెలుగువాళ్ళే. అయితే ఆ పేరు నిలవాలంటే ఇంట్లో తెలుగు వినబడాలి. పిల్లలు జర్మను నేర్చుకోనీండి, భోజనాల దగ్గర మాత్రం తెలుగే మాట్లాడించండి.