నగరవీథుల కార్డులు – వెనుకనున్న జాబులు

తాళపత్రగ్రంథము చేతికందినప్పుడు పరిశోధకుడు వెదకునది పుష్పికను. వ్రాయసకాడు, సంవత్సరము, గ్రామము అచటనే తెలియును. పాత పోస్టుకార్డుల విషయమున ఈ శ్రద్ధ కానరాదు. నగరవీథుల చిత్రములున్న కార్డులను సేకరించువారు బొమ్మను పైకిపెట్టి ఆల్బములో అంటించుచున్నారు. వెనుకనున్న జాబు జిగురు పాలగుచున్నది.

కార్డు 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో పుట్టి, 1879 జూలై 1న కాలణా వెలతో భారతదేశమునకు వచ్చినది. బొమ్మకార్డులు తరువాతివి. తొలినాళ్ళలో ఒక ముఖము చిరునామాకే ప్రత్యేకింపబడుటచే జాబును బొమ్మ అంచుననే ఇరికింపవలసి వచ్చెడిది. బ్రిటనులో 1902లోగాని చిరునామా ప్రక్కన జాబు వ్రాయుటకు అనుమతి లభింపలేదు.

మదరాసు మౌంటురోడ్డు కార్డునే తీసికొందము. హిగిన్‌బాథమ్స్ వంటి సంస్థలు ఇట్టివి ప్రకటించినవి. ఛాయాచిత్రము తీసిన కాలము వేరు, అచ్చైన కాలము వేరు, తపాలాముద్ర చూపు కాలము వేరు. విద్యుత్తు ట్రాము కనబడు మదరాసు చిత్రము 1895కు పూర్వపుది కాజాలదు. తపాలాముద్రకు తరువాతిదియు కాజాలదు. రచనాకాలమును ప్రతిలేఖనకాలముతో కలపని పండితులకు ఈ వివేకము క్రొత్త గాదు. రంగులను నమ్మరాదు. నలుపు తెలుపు చిత్రములకు ఏనాడును ఆ వీథిని చూడని జర్మను ముద్రాపకులు అద్దిన రంగులే అనేకము.

జాబులోని భాష ఇంకను విలువైనది. 'మ.రా.రా.శ్రీ', 'ఉభయకుశలోపరి' వంటి సంప్రదాయములు ఇరుకైన కార్డుపై ఎట్లు కుదించుకొనిపోయినవో పరిశీలింపదగును. సంస్కృతమున లేఖపద్ధతి వంటి గ్రంథములు జాబుల నమూనాలను భద్రపరచినవి. నిజముగా నడచిన జాబులు మాత్రము కార్డులపైన దొరకును. అందును ఒక లోపమున్నది. మరణవార్త తెచ్చిన కార్డును చదివి చించివేయు ఆచారముండుటచే, మిగిలిన కట్టలలో శుభవార్తల పాలే హెచ్చు.

తెలుగు ఇండ్లలో వచ్చిన కార్డులను ఇనుపతీగకు గ్రుచ్చి వ్రేలాడదీయుట పరిపాటిగా నుండెడిది. అడుగున పాతది, పైన క్రొత్తది: తారీఖు చెరిగిన కార్డుకు సయితము ఇరుప్రక్కల సాక్షులుండును. వర్తకుడు ఆ తీగను విప్పి, బొమ్మలున్నవానిని అమ్మి, తక్కినవానిని చిత్తుకాగితములలో వేయుచున్నాడు. తీగ చేసిన రంధ్రమును అతడు దోషముగా నెంచి వెల తగ్గించును. వ్రాతప్రతుల వివరణపట్టికలు కూర్చు ప్రాచ్యకళాశాలలు, తీగ విప్పకమునుపే కార్డులను వరుస సంఖ్యలతో, రెండు ముఖములతో, రంధ్రముతో సహా నమోదు చేయవలెను. పత్రములు క్రమము తప్పిన తాళపత్రపు కట్టను సరిదిద్దుటకు ఎంత కాలము పట్టునో వారెరుగుదురు.