పింఛను భిక్ష కాదు

మద్నూరు బడిపంతులు మూలవేతనంలో, కరువుభత్యంలో నూటికి పది నెలనెలా కోతపడుతుంది. అందులో బకాయి అన్న మాట లేదు. ప్రభుత్వం తన వాటా జమచేయడంలో జాప్యం చేస్తే అడిగేదెవరు? 2004 సెప్టెంబరు 1 తరువాత కొలువులో చేరినవారి గతి ఇది. 2014లో రాష్ట్రం మారింది, పద్ధతి మారలేదు. సొమ్ము మార్కెట్టుకు, భయం ముసలితనానికి!

ఖజానా మోయలేదంటారు ఏలినవారు. ఆ ఖజానాను నింపినదెవరి చెమట? పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కని 1982లోనే నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

2013 చట్టం పింఛను నిధులపై నియంత్రణ సంస్థను నిలిపింది. అయితే ఆ కాపలా ఎవరి పక్షం? 2022లో రాజస్థాన్ పాత పింఛనుకు మరలి, కూడబెట్టిన సొమ్ము తిరిగి ఇమ్మంటే, చట్టంలో వీలులేదని కేంద్రం చెప్పింది. లోపలికి తెరిచిన తలుపు బయటికి తెరుచుకోలేదు.

మన పొలిమేర దాటితే మహారాష్ట్ర. అక్కడి ఉద్యోగులు పాత పింఛను కోసం 2023 మార్చిలో సమ్మెకు దిగారు. ఆ పాఠం మనకు దూరం కాదు. ఈ కోతపద్ధతి రద్దు కావాలి. అంతవరకు ప్రతి పైసా లెక్క ఏటేటా ఉద్యోగసంఘాల ముందు, శాసనసభ ముందు పెట్టాలి. సొమ్ము ఎవరిదో, లెక్క అడిగే అధికారమూ వారిదే.