జెర్బెరా సాగు: అంచనాలో చేరని ఆషాఢం

హైటెక్ సిటీ సమావేశ మందిరాలను అలంకరించే జెర్బెరా, దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ కొండప్రాంతపు పచ్చికబయళ్లకు చెందిన బహువార్షిక గుల్మం. చల్లని రాత్రులు, నీరు నిలవని నేల దానికి అనుకూలం. చేవెళ్ల పాలీహౌస్‌లలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటితే నీడవలలకు, ఫాగర్లకు అయ్యే వ్యయం రైతుదే. మొక్క మొదలు మట్టిలో పూడితే కుళ్లు సోకుతుందని శిక్షణలో శ్రద్ధగా బోధిస్తారు. ముహూర్తాలు లేని ఆషాఢంలో ధర పడిపోతుందన్న అంశం మాత్రం అంతగా చర్చకు రాదు. మొక్కకు ఆషాఢం తెలియదు కదా! 2020 లాక్‌డౌన్‌లో వేదికలన్నీ మూతపడినా అది పూస్తూనే ఉంది. రాయితీ నిర్మాణ వ్యయాన్ని తగ్గిస్తుందే గాని, అమ్ముడుపోని పూలకు వెల కట్టదు. రుణ వాయిదా ఆగదు. కనుక గుడిమల్కాపూర్ మార్కెట్ నెలవారీ కనిష్ఠ ధరలతో ఆదాయాన్ని లెక్కించిన పిదపనే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ సాగును సిఫారసు చేయాలి.